ముప్పావలా వడ్డీ

మా అమ్మమ్మ పేరు మీద జీవితం మొత్తంలో ఒకే ఒక్క విమానం టికెట్ తీశాం. 2020 ఏప్రిల్ 18, శనివారం, హైదరాబాద్ నుంచి వారణాసికి. ఆ విమానం ఎగరలేదు.

ఆ ఏడు సంక్రాంతికి తెనాలి పక్కన మా పల్లెకి వెళ్ళినప్పుడు, అరుగు మీద కూర్చుని ఫోన్లోనే ఐదు టికెట్లు తీశాను. అమ్మమ్మ, అమ్మ, నాన్న, నా భార్య, నేను. రానూపోనూ కలిపి 41,200 రూపాయలు. అప్పట్లో ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' చదువుతున్నా. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరిన మనిషి, మళ్ళీ ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు. పదిహేను నెలల పైమాట. "మనకి రెండు గంటలేనమ్మమ్మా" అన్నాను గొప్పగా. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనేవాడు మా నాయన. రెండు గంటలైతే ఆ సామెత చెల్లదులే" అంది.

కాశీ వెళ్తే ఇష్టమైన కాయో, పండో వదిలేసి రావాలి కదా. కాకరకాయ వదిలెయ్యమని అమ్మ సలహా ఇచ్చింది. "ఇష్టంలేంది వదిలితే దేవుడికి తెలీదనుకున్నావే?" అని కసిరి, చాలాసేపు ఆలోచించి, సీతాఫలం అని తేల్చుకుంది అమ్మమ్మ. ఆమెకి సీతాఫలం అంటే ప్రాణం. అంటే ఈ ప్రయాణాన్ని మా అందరికన్నా సీరియస్‌గా తీసుకున్నది ఆమే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. అమ్మమ్మ ఊళ్ళో వడ్డీలకి తిప్పేది. పెద్ద మొత్తాలేం కాదు. కౌలు డబ్బు, పెన్షను డబ్బు, నలుగురికి. రెండు రూపాయల వడ్డీ. అపార్ట్‌మెంట్లలో పుట్టి పెరిగినవాళ్ళ కోసం: మా వైపు వడ్డీ అంటే వందకి నెలకి ఎంత అని లెక్క. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఈ లెక్క తర్వాత పనికొస్తుంది.

*

నేను ట్రేడర్‌ని కాదు. పగలు జావా రాస్తాను, రాత్రుళ్ళు పుస్తకాలు చదువుతాను, నెలకింత అని మ్యూచువల్ ఫండ్లో వేస్తాను. కానీ 2020 ఫిబ్రవరిలో, చేతిలో టికెట్లు ఉన్నాయి కాబట్టి, విమానాల గురించి వచ్చిన ప్రతి రిపోర్టూ చదవడం మొదలుపెట్టాను. అన్నిటిలోనూ ఒకటే గ్రాఫు కనిపించేది, 2003 నాటి సార్స్‌ది. ఆ ఏడాది మార్చిలో ఆసియా విమాన ప్రయాణాలు పడిపోవడం మొదలైంది. జులై 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ సార్స్ అదుపులోకొచ్చిందని ప్రకటించింది. ప్రయాణికులు తిరిగొచ్చారు, షేర్లు లేచాయి. నిలబెట్టిన V అక్షరంలా చక్కటి గ్రాఫు. నేనూ ఒక స్ప్రెడ్‌షీట్ చేసుకుని అందులో ఆ V ని దించుకున్నాను. ఒకే ఒక్క పాత సంఘటన మీద మోడల్ కడితే మా ఆఫీసులో ఎవడైనా నవ్వుతాడు. కానీ డబ్బు దగ్గర ఆ నవ్వు రాదు.

ఐయాటా అని విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఒకటుంది. ఈ వైరస్ వల్ల కంపెనీలకి ఎంత ఆదాయం పోతుందో అది ఫిబ్రవరి 20న అంచనా వేసింది: 29.3 బిలియన్ డాలర్లు. అందులో ఉన్నది సార్స్ లెక్కే. మార్చి 5న ఆ సంఖ్య 63 నుంచి 113 బిలియన్లయింది. మార్చి 24న 252. ఏప్రిల్ 14న 314. రెండు నెలలు నిండకుండా నాలుగు అంచనాలు, మొదటిదానికీ చివరిదానికీ పదిరెట్లకు పైగా తేడా. స్ప్రింట్ ప్లానింగ్‌లో నేనిలాంటి ఎస్టిమేట్లు ఇస్తే ప్రాజెక్టు నుంచి తప్పిస్తారు. వాళ్ళని తప్పుపట్టలేం. ఇలాంటిది ఎవరూ చూసి ఉండలేదు. సార్స్‌లో విమానాలు ఖాళీగానైనా తిరిగాయి. ఈసారి ఆకాశాన్నే మూసేశారు. మన దగ్గర అంతర్జాతీయ విమానాలు మార్చి 22 నుంచి, దేశంలో తిరిగేవి మార్చి 25 నుంచి ఆగిపోయాయి.

అప్పుడుగానీ విమానం వ్యాపారం ఏంటో నాకు అర్థం కాలేదు. మా కృష్ణ లంకల్లో అరటి పండిస్తారు. గెల ఇవాళ అమ్ముడుపోకపోతే రేపు సగం ధరకైనా పోతుంది. విమానంలో సీటుకి ఆ రేపు కూడా లేదు. గేటు మూసిన క్షణంలో ఖాళీ సీటు విలువ సున్నా, దాన్ని గోడౌన్లో దాచలేం. ఖర్చులు మాత్రం ఆగవు. ఇంధనం ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ అద్దెకి తెచ్చిన విమానాలకి నెలనెలా డాలర్లలో అద్దె కట్టాలి, పైలట్లకి జీతాలివ్వాలి, నిలబెట్టిన విమానానికి పార్కింగ్ కూడా కట్టాలి. మామూలు రోజుల్లో ఈ బండి ఎలా నడుస్తుందంటే, మనం మూడు నెలల ముందు కట్టిన టికెట్ డబ్బుతో ఇవాళ్టి ఖర్చులు వెళ్ళదీస్తారు. జనం టికెట్లు కొనడం మానేసి, పైగా కొన్నవాటికి డబ్బు వెనక్కి అడిగితే, రెండు వైపులా ఒకేసారి కన్నం పడుతుంది.

ఏప్రిల్ 14న లాక్‌డౌన్ పొడిగించారు. మా ప్రయాణం రద్దయింది. డబ్బు వెనక్కి రాలేదు. 'మీ మొత్తం క్రెడిట్ షెల్‌లో భద్రంగా ఉంది' అని మెయిల్ వచ్చింది. ఏ కంపెనీయో ఇక్కడ అనవసరం, ఆ నెలలో చాలామందికి అలాంటి మెయిలే వచ్చింది. అదే వారం నేను ఇండిగో షేర్లు కొన్ని కొన్నాను. ఫిబ్రవరిలో పధ్నాలుగు వందల దగ్గరున్నది అప్పటికి వెయ్యికి అటూ ఇటూ ఆడుతోంది. ఒక పక్క టికెట్ డబ్బు రావడం లేదని తిట్టుకుంటూ, ఇంకో పక్క అదే వ్యాపారంలో వాటా కొన్నాను. ఈ రెండూ ఒకే మనిషి ఒకే ల్యాప్‌టాప్ మీద చేశాడు.

*

2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఈ టికెట్ల గొడవ తేల్చింది. లాక్‌డౌన్‌కి ముందు కొన్న టికెట్లకి పదిహేను రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. అంత స్తోమత లేదనే కంపెనీలు 2021 మార్చి 31 దాకా క్రెడిట్ షెల్‌గా ఉంచుకోవచ్చు. ఆలస్యానికి పరిహారంగా దాని విలువని 2020 జూన్ ఆఖరు దాకా నెలకి 0.5 శాతం, ఆ తర్వాత నెలకి 0.75 శాతం చొప్పున పెంచాలి. షెల్‌ని వేరేవాళ్ళకి బదిలీ చేసుకోనూవచ్చు. తీర్పు చదువుతుంటే నవ్వొచ్చింది. ఇది అచ్చం అమ్మమ్మ లెక్క. మొదట అర్ధరూపాయి వడ్డీ, తర్వాత ముప్పావలా వడ్డీ.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. సీతాఫలం తింటోంది. ఇంకా కాశీ వెళ్ళలేదు కాబట్టి తినొచ్చట.

"ఏరా, ఆ విమానం డబ్బులొచ్చాయా?"

"లేదమ్మమ్మా. మార్చి దాకా వాళ్ళు ఉంచుకోవచ్చని కోర్టు చెప్పింది. వడ్డీ కలుస్తుంది."

"ఎంత?"

"ముప్పావలా."

అవతల కాసేపు నవ్వు. "ముప్పావలాకి ఎవడిస్తాడ్రా? నోటు రాశాడా?"

"నోటేం లేదు. మెయిల్ వచ్చింది."

"తాకట్టో?"

"అదీ లేదు."

"పోనీ వాడికి రాబడుందా?"

"మే నెలాఖర్లో మళ్ళీ మొదలయ్యాయి. ముందు మూడోవంతు విమానాలకే ఒప్పుకున్నారు, ఇప్పుడు అరవై శాతం దాకా తిప్పుకోమన్నారు."

"అయితే వాడు కూర్చుని ఎన్నాళ్ళు తినగలడో అది చూడు. మిగతావన్నీ కబుర్లు."

నేను చదివిన రిపోర్టులన్నీ చుట్టూ తిరిగి వచ్చింది ఈ ప్రశ్న దగ్గరికే. మహమ్మారిలో విమానం షేర్లు పడ్డాయి, తర్వాత లేచాయి అని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. అన్నీ పడిన మాట నిజం. అన్నీ లేవలేదు. 2020 మార్చి ఆఖరుకి ఇండిగో దగ్గర చేతిలో వాడుకోగల నగదు సుమారు 8,900 కోట్లుంది. స్పైస్‌జెట్ అప్పటికే ఇబ్బందిలో ఉంది. కొన్న బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు 2019 మార్చి నుంచి నేలమీదే ఉన్నాయి. అదే వైరస్, అదే లాక్‌డౌన్, అవే నిబంధనలు. 2025 వచ్చేసరికి ఇండిగో షేరు ఐదువేలు దాటింది. స్పైస్‌జెట్ షేరు 2020 జనవరిలో వందకి పైనుండేది, 2025లో చాలావరకు అందులో సగానికి కిందే తిరిగింది.

అమెరికాలోనూ ఇదే కథ. వారెన్ బఫెట్ తన బెర్క్‌షైర్ కంపెనీకి ఉన్న అమెరికన్, డెల్టా, సౌత్‌వెస్ట్, యునైటెడ్ షేర్లన్నీ అమ్మేశానని 2020 మే 2న చెప్పాడు. నెల తిరక్కుండా, జూన్ మొదట్లో, ఆ షేర్లు ఎగిరాయి. ముసలాయన పప్పులో కాలేశాడని మా వాట్సాప్ గ్రూపులో పండగ చేసుకున్నాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అంత తేలిగ్గా లేదు. అక్కడి ప్రభుత్వం ప్రయాణికుల విమాన సంస్థల జీతాల కోసం ముందు 25 బిలియన్ డాలర్లు కేటాయించింది. ఆ సాయం అందుకున్నవాళ్ళలోనే యునైటెడ్ షేరు 2025 మొదటికి కరోనా ముందటి ధర దాటేస్తే, అమెరికన్ ఎయిర్‌లైన్స్ షేరు అప్పటికీ కిందే ఉంది. కొలంబియాలో అవియాంకా 2020 మేలో దివాలా రక్షణ కోరింది. కంపెనీ బతికింది, విమానాలు ఇవాళ్టికీ ఎగురుతున్నాయి. పాత వాటాదారులకి మాత్రం ఏమీ మిగల్లేదు. అంటే విమానం బతకడం వేరు, కంపెనీ బతకడం వేరు, అందులో మన వాటా బతకడం వేరు. నా స్ప్రెడ్‌షీట్లో ఈ మూడింటికీ ఒకటే వరస ఉండేది.

ఎయిర్‌పోర్టులది ఇంకో తరహా. శంషాబాద్‌నే తీసుకోండి. 2019-20లో రెండు కోట్ల మందికి పైగా తిరిగిన చోట మరుసటి ఏడాది ఎనభై లక్షల దగ్గర ఆగింది. రన్‌వేని మడిచి సంచిలో పెట్టుకుని ఇంకో దేశానికి పోలేరు, సిబ్బందిని తగ్గించినంత తేలిగ్గా టెర్మినల్‌ని తగ్గించలేరు. దాన్ని నడిపే జీఎంఆర్ గ్రూపు పెద్దాయన మన రాజాం మనిషి. ఫ్రాన్సు కంపెనీ ఏడీపీ 2020 ఫిబ్రవరి 20న జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో 49 శాతం వాటాని 10,780 కోట్లకి కొంటామని ఒప్పుకుంది. ఐయాటా మొదటి అంచనా వచ్చింది కూడా సరిగ్గా ఆ రోజే. మొదటి విడత డబ్బు వెంటనే వచ్చింది. రెండో విడత జులైలో, మళ్ళీ బేరమాడి, కొంత సొమ్ముని భవిష్యత్తు పనితీరుకి ముడిపెట్టాక వచ్చింది. ఆ వసంతంలో జీఎంఆర్ షేరు ఇరవై రూపాయల లోపే ఉండేది. 2024లో వంద తాకింది.

ఎందుకంటే ఎయిర్‌పోర్టుకి పోటీ లేదు. శంషాబాద్ వద్దనుకున్నవాడికి హైదరాబాద్‌లో ఇంకోటి లేదు. ఛార్జీలు నిర్ణయించేది ఎయిరా అనే నియంత్రణ సంస్థ, ఐదేళ్ళకోసారి. జనం అనుకున్నంత రాక ఆదాయానికి గండిపడితే, తర్వాతి ఐదేళ్ళ ఛార్జీల్లో దాన్ని సర్దే పద్ధతి ఉంది. ఇంకోలా చెప్పాలంటే, 2020లో ఎవరూ ఎక్కని విమానాల బాకీ 2023లో ఎక్కినవాళ్ళ టికెట్లో యూజర్ ఫీజుగా వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి అమ్మమ్మకి చెబితే, "అయితే వాడిది గట్టి పార్టీ. వాడికివ్వాల్సింది నువ్వు" అంది.

*

నన్ను ఇబ్బంది పెట్టే లెక్క ఒకటుంది. ఇండిగోకి 2020-21లో 5,806 కోట్ల నష్టం. 2021-22లో 6,162 కోట్ల నష్టం. రెండేళ్ళలో దాదాపు పన్నెండు వేల కోట్లు ఆవిరి. నేను వెయ్యికి కొన్న షేరు ఈ మధ్యలోనే, 2021 నవంబరుకి, రెండువేలు దాటింది. నష్టపోతున్న కంపెనీ విలువ రెట్టింపవడం మొదట్లో పిచ్చిగా అనిపించింది. తర్వాత తెలిసింది, మార్కెట్ చూస్తున్నది ఇవాళ్టి నష్టాన్ని కాదు, ఈ కరువు దాటాక పొలంలో ఎవరు మిగులుతారన్నది. జెట్ ఎయిర్‌వేస్ కరోనాకి ముందే 2019లో ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మేలో దివాలాకి వెళ్ళింది. ఇప్పుడు దేశంలో ఎగిరే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఇండిగోలోనే ఎగురుతున్నారు. పక్కవాడి చేను ఎండటం కూడా నా షేరు ధరలో కలిసే ఉంది.

2020 జులై 20న ఆ కంపెనీ పదిశాతం ఉద్యోగుల్ని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ వార్త చదివి నేను మొదట చేసిన పని షేరు ధర చూడటం. మా కింది ఫ్లాట్లో ఒకమ్మాయి వేరే సంస్థ తరఫున ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్లో పనిచేసేది. ఆ ఆగస్టులో లిఫ్టులో కనిపిస్తే, "డ్యూటీకా?" అని అలవాటుగా అడిగాను. "లేదన్నా, మానిపించారు" అంది. ఖర్చు తగ్గించుకోవడం మంచి నిర్ణయమని అంతకు వారం ముందే ఒక ఫ్రెండ్‌కి రెండు పేజీల మెసేజ్ రాసి ఉన్నా. ఆ మెసేజ్‌లో తప్పు లెక్క ఒక్కటీ లేదు.

2021 సంక్రాంతికి మళ్ళీ ఊరెళ్ళాం. కేసులు బాగా తగ్గాయి. విమానాలు ఎనభై శాతం తిరుగుతున్నాయి. అమ్మమ్మ అడిగింది. "మన డబ్బు వాళ్ళ దగ్గరే ఉందిగా. ఎగురుతున్నాయటగా. ఈ మాఘంలో పోయొద్దామా?"

నేను వద్దన్నాను. కారణాలు చాలా చెప్పాను. వ్యాక్సిన్ ఆ వారమే మొదలవుతోంది, పెద్దవాళ్ళ వంతు మార్చిలో వస్తుంది, వేయించుకుని నిశ్చింతగా వెళ్దాం. అన్నీ సబబైన కారణాలే. నిజం చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. ఆ క్రెడిట్ షెల్ మార్చి 31 దాకా ఆగితే నగదుగా తిరిగొస్తుంది. బ్యాంకులో ఎఫ్‌డీ మీద వచ్చేదానికన్నా ముప్పావలా వడ్డీ ఎక్కువ. ఎండలు తగ్గాక, ధరలు చూసుకుని, తాజాగా టికెట్లు తీసుకోవచ్చు. ఇదంతా ఆమెకి అర్థమయ్యే భాషలోనే చెప్పాను. "వడ్డీ కలుస్తోందిగా, ఉండనీ అమ్మమ్మా."

"ఉండనీలే" అంది.

ఏప్రిల్ రెండో వారంలో డబ్బు వచ్చింది. అసలు మాత్రమే వచ్చింది, 41,200. వడ్డీ రాలేదు. అమ్మమ్మకి చెబితే, "నోటు రాయించుకోమని చెప్పలా?" అని మురిసిపోయింది. అప్పటికే రెండో వేవ్ మొదలైంది, మార్కెట్ బెదిరింది, ఇండిగో షేరు పదహారు వందల చిల్లరకి వచ్చింది. టికెట్లు తీసే పరిస్థితి లేదు. ఊరికే పడి ఉండటమెందుకని ఆ డబ్బుతో 25 షేర్లు కొన్నాను.

అమ్మమ్మ మే నెలలో పోయింది. ఊళ్ళో ఆ నెల పోయినవాళ్ళు ఆమెతో కలిపి ఏడుగురు. నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. అస్థికలు కృష్ణలోనే కలిపారు. ఆమె ట్రంకు పెట్టెలో నాలుగు ప్రామిసరీ నోట్లు దొరికాయి. అప్పు తీసుకున్న నలుగురూ వచ్చి అసలు, వడ్డీ రెండూ కట్టేశారు.

*

2023 ఫిబ్రవరిలో అమ్మా నేనూ కాశీ వెళ్ళాం. రెండు గంటల ప్రయాణం. ఒక్క సీటు ఖాళీ లేదు. ఆ ఏడాది కంపెనీలన్నీ ప్రయాణికులు పూర్తిగా తిరిగొస్తున్నారని చెప్పుకుంటున్నాయి. సంఖ్యల్లో అది నిజమే. పోయినవాడి సీట్లో ఇంకొకడు కూర్చుంటే లెక్క సరిపోతుంది. 2003 గ్రాఫులో పైకి లేచిన ఆ గీత కూడా అలాగే లేచి ఉంటుంది. నేను మాత్రం దాన్ని చూసి, ఆగితే అన్నీ తిరిగొస్తాయని అర్థం చేసుకున్నాను. మార్కెట్ ఆగగలదు. చేతిలో 8,900 కోట్లున్న కంపెనీ రెండేళ్ళు ఆగగలదు. ఎనభై రెండేళ్ళ మనిషి కూర్చుని ఎన్నాళ్ళు తినగలదో నేను ఆ సంక్రాంతికి లెక్క వెయ్యలేదు. ఆ ప్రశ్న నేర్పింది ఆవిడే.

ఘాట్ మీద పంతులుగారు తెలుగాయన. ఏం వదుల్తారమ్మా అని అడిగితే, అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "సీతాఫలం" అంది. నన్ను అడిగితే ఏం చెప్పాలో తెలీక, దోసకాయ అన్నాను.

ఆ 25 షేర్లు ఇంకా ఉన్నాయి. యాప్‌లో ఆకుపచ్చ రంగులో, మూడు రెట్లయి కనిపిస్తాయి. మొన్న మా ఆవిడ, ఫ్రిజ్ మార్చాలి, అవి అమ్మెయ్యొచ్చుగా అంది. ఇంకొన్నాళ్ళు ఉండనీ అన్నాను. అన్నాక ఆ మాట నాకే వినబడింది. ఆ రాత్రి ఊళ్ళో అమ్మకి ఫోన్ చేసి, మోకాళ్ళ డాక్టర్‌ని చూపించుకోవడం ఎప్పుడని అడిగాను. పంట చేతికొచ్చాక చూద్దాంలేరా, తొందరేముంది అంది. వద్దు, వచ్చే శనివారమే అని చెప్పి, ఫోన్ పెట్టకుండానే గన్నవరం నుంచి ఆమెకి టికెట్ తీశాను.